ఊడ్వని మూలలో పొన్నంకి పిట్ట



ఏటా నవంబరు ఆఖర్లో, ఆఫ్రికా ఖండం దక్షిణ భాగాన జాంబెజీ లోయలో వానలు అందుకోగానే ఎక్కడెక్కడి వాళ్లో అక్కడికి చేరుతుంటారు. మెడలో బైనాక్యులర్లు, భుజాన మూడేసి కిలోల లెన్సులు. లక్షలు ఖర్చు పెట్టి, దోమల చేత కుట్టించుకుంటూ వాళ్లు వెతికేది జానెడు పక్షిని. దాని పేరు ఆఫ్రికన్ పిట్టా. వీపు ఆకుపచ్చ, రెక్కల మీద నీలి మెరుపు, కంటి మీదుగా నల్లపట్టీ, పొట్ట కింద ఎరుపు. ఇన్ని రంగులు పూసుకున్న పక్షి కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడాలి కదా? కనబడదు. దట్టమైన పొదల కింద, ఎండుటాకుల మీద కదలకుండా నిలబడితే పది అడుగుల దూరంలో ఉన్నవాడు కూడా చూడకుండా దాటిపోతాడు. జతకట్టే రోజుల్లో మాత్రం కొమ్మ మీద నుంచి ఉన్నపళంగా పైకి ఎగిరి, చిన్న చప్పుడు చేసి, మళ్లీ అదే కొమ్మ మీద వాలుతుంది. ఆ చప్పుడు పట్టుకుని వెళ్లినవాళ్లకే ఫోటో. పిల్లలు ఎదిగాక పక్షి కాంగో వైపు అడవుల్లోకి వెళ్లిపోతుంది. ఆ రోజులు తప్పితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

ఈ కథ నేను చిక్కడపల్లిలో కూర్చుని ఎందుకు చెబుతున్నానంటే, ఆ పక్షికి బాగా దగ్గరి చుట్టం ఒకటి ఏడాదికి రెండుసార్లు మన హైదరాబాదు మీదుగా ప్రయాణం చేస్తుంది. పొన్నంకి పిట్ట అంటారు. రంగుల్ని బట్టి హిందీలో నవరంగ్ అంటారు. తొమ్మిది రంగులూ లెక్కకు వస్తాయా అని అడక్కండి, కొందరికి ఏడు వస్తాయి, కొందరికి పది. నడినెత్తిన నల్లగీత, దానికి అటూ ఇటూ గోధుమరంగు, కంటి మీదుగా మెడ దాకా సాగిన కాటుక పట్టీ, తెల్లటి గొంతు, ఆకుపచ్చ వీపు, భుజం దగ్గర నీలం, లేత పసుపు పొట్ట, తోక కింద కుంకుమ ఎరుపు. తోక ఉందంటే ఉంది, లేదంటే లేదు. మొత్తం పక్షి 19 సెంటీమీటర్లు. బరువు యాభై, అరవై గ్రాముల మధ్య.

వానాకాలంలో ఇది మధ్యభారతం అడవుల్లో, హిమాలయాల పాదాల దగ్గర గూడు కడుతుంది. చలికాలం దక్షిణాదిలోనూ శ్రీలంకలోనూ గడుపుతుంది. వేసవి ముదిరాక ఉత్తరానికి, వానలు తగ్గాక దక్షిణానికి ప్రయాణం. అదీ రాత్రిపూట. పొద్దంతా నేల మీద గెంతుతూ తిరిగే ఈ పొట్టితోక పక్షి వందల మైళ్లు ఎగరగలదంటే మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు. తెల్లవారుజామున కింద ఎక్కడ కాస్త చెట్టు, కాస్త నీడ కనిపిస్తే అక్కడ దిగుతుంది. అడవే దొరకాలని లేదు. మే నెలలోనూ, సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు దాకానూ హైదరాబాదులో పాత బంగళాల పెరళ్లలో, పార్కుల్లో, ఒక్కోసారి మేడ మెట్ల మీద ఈ పక్షి కనిపించడానికి కారణం ఇదే.

ఈ కుటుంబం మొత్తానికి పేరు పెట్టడంలో మన భాషకు వాటా ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు తొలి రోజుల్లో మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఎడ్వర్డ్ బక్లీ అనే వైద్యుడు ఉండేవాడు. అక్కడి పక్షుల బొమ్మలనూ, స్థానికులు వాటిని పిలిచే పేర్లనూ లండనులో ఉన్న జేమ్స్ పెటివర్‌కు పంపించాడు. అవి 1713లో జాన్ రే పక్షుల పుస్తకంలో అచ్చయ్యాయి. పొన్నంకి పిట్ట పేరు ఇంగ్లీషువాళ్ల చెవికి సోకినట్టుగా అందులో ఉంది. తర్వాత 1766లో లినేయస్ దీన్ని కాకుల్లో చేర్చాడు, ఎందుకు చేర్చాడో ఆయనకే తెలియాలి. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియెయో దీనికోసం వేరే ప్రజాతిని ఏర్పరచి ‘పిట్టా’ అని పేరు పెట్టాడు. అదే ఏడాది ఆఫ్రికా పక్షిని కూడా వర్ణించి అందులోనే చేర్చాడు. ఇవాళ ఆసియా, ఆస్ట్రేలియా, ఆఫ్రికాలలో నలభైకి పైగా రకాలను ఈ పేరుతోనే పిలుస్తున్నారు. హైదరాబాదులో 1980లో ఏర్పడిన పక్షి ప్రేమికుల సంఘం తన పత్రికకు ‘పిట్ట’ అని పేరు పెట్టుకున్నదంటే హక్కుగానే పెట్టుకుంది.

సరే, ఫోటో సంగతికి వద్దాం.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ అంటే మీ కళ్లముందు ఏం కదులుతుందో నాకు తెలుసు. ఆర్టీసీ క్రాస్ రోడ్డు సినిమా హాళ్లు, త్యాగరాయ గానసభ, కోచింగ్ సెంటర్ల బోర్డులు, జిరాక్స్ షాపులు, 2023లో తెరిచిన ఉక్కు వంతెన. వీటి వెనక ఇంకో ఊరుంది. ఇందిరా పార్కు ఉంది, 76 ఎకరాలు. నారాయణగూడలో మేల్కోటే పార్కు ఉంది. హుస్సేన్ సాగర్ నుంచి వచ్చే నాలా వెంబడి ఎవరూ నాటని చెట్లున్నాయి. అపార్టుమెంటు కట్టినవాడు కారు పార్కింగుకు పనికిరాదని వదిలేసిన సందుల్లో కానుగలు, వేపలు, ఒక మామిడి. పొన్నంకి పిట్టకు ఆ సందు చాలు. కాకపోతే ఒక షరతు, కింద ఆకులు ఉండాలి.

నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే. ఈ పక్షికి చెట్టు ఎంత ముఖ్యమో చెట్టు కింద రాలిన ఆకు అంత ముఖ్యం. దాని తిండి ఆ ఆకుల కింద ఉంటుంది. వానపాములు, పురుగులు, చీమలు, చెదలు. మనం రోజూ తెల్లారగట్ల లేచి చేసే మొదటి పని ఆ ఆకుల్ని ఊడ్చి, కుప్పపోసి, వీలైతే అగ్గిపెట్టడం. పచ్చటి లాను వేసి, చుట్టూ టైల్సు పరిచి, మధ్యలో నాలుగు క్రోటన్లు పెట్టిన పార్కు మనిషికి ముచ్చటగానే ఉంటుంది. రాత్రంతా ఎగిరి వచ్చిన పిట్టకు అక్కడ తినడానికి ఏమీ ఉండదు. ఫోటోగ్రాఫర్లు ఏ లెన్సు కొనాలని నన్ను అడుగుతుంటారు. మీ వీధిలో చీపురు పడని మూల ఎక్కడుందో చూసుకోండి, లెన్సు తర్వాత కొనొచ్చు అంటాను. కోఠీలో సెకండ్‌హ్యాండు లెన్సు దొరుకుతుంది గానీ ఊడ్వని మూల ఎక్కడా అమ్మరు.

అశోక్ నగర్‌లో మా మిత్రుడి అపార్టుమెంటు వెనక, ప్రహరీకీ నాలా గోడకీ మధ్య అలాంటి మూల ఒకటి ఉంది. ఒక మే నెలలో ఆయన ఫోన్ చేసి, ‘ఏదో పిట్ట, రంగులేసినట్టుంది, చెత్తలో తిరుగుతోంది’ అన్నాడు. మర్నాడు చీకటితో వెళ్లాను. వాచ్‌మన్ భార్య అప్పటికే చీపురు పట్టుకుని బయల్దేరింది.

‘అమ్మా, ఆ మూల ఇయ్యాల ఊడ్వకు’ అన్నాను.

‘ఊడ్వకుంటే సెక్రటరీ సారు ఊకుంటడా సారూ?’ అంది.

‘నేను చెప్తాలే. ఆడ పిట్ట ఉంది.’

‘గదా? నిన్నటి సంది సూస్తున్న. నేను ఊడుస్తుంటే గోడెక్కి కూసుంటది, నేను పోంగనే దిగుతది. ఉరుకదు.’

పక్షుల పుస్తకాలు నాలుగు చదివిన నాకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. ఈ పక్షి భయపడగానే దూరంగా ఎగిరిపోదు. నాలుగు గెంతులు వేసి, కొమ్మ మీదకో గోడ మీదకో ఎక్కి కదలకుండా ఉంటుంది. మనం తగ్గితే అదే వస్తుంది. కాబట్టి వెంటపడిన వాడికి దొరికేది వీపు ఫోటో. ఒకచోట కూర్చున్నవాడికి ముఖం దొరుకుతుంది.

ఆ మూలకు ఎదురుగా పాత వాటర్ ట్యాంకు దిమ్మ ఉంది. దాని వెనక నేల మీద గోనెసంచి పరుచుకుని బోర్లా పడుకున్నాను. పక్షి కంటి ఎత్తుకు కెమెరా దిగితేనే ఫోటోకు ప్రాణం, నిలబడి తీస్తే నెత్తి, వీపు, చుట్టూ సిమెంటు తప్ప ఏమీ పడవు. ఆరు కావస్తోంది. మేడల మధ్య ఆ వేళకు ఇంకా వెలుతురు దిగలేదు. కుడివైపు ఆకులు కదిలాయి. రెండు గెంతులు, ఆగింది. తల ఒక పక్కకు వాల్చి నేలను విన్నట్టుగా నిలబడింది. ముక్కుతో ఒక కానుగాకును పట్టుకుని పక్కకు విసిరింది, దాని కింద ఇంకొకటి, దాన్నీ విసిరింది. మూడో ఆకు కింద వానపాము తల కనిపించగానే పట్టి మెల్లగా లాగింది. తెగకుండా లాగడం దానికి బాగా తెలుసు. నేలకేసి కొట్టింది, మింగింది, ముక్కు తుడుచుకుంది. ఇంతసేపూ ఆ బెత్తెడు తోక మెల్లగా కిందికీ పైకీ ఆడుతూనే ఉంది. తల మాత్రం రాయిలా నిలకడ.

ఈ నిలకడే ఫోటోగ్రాఫరుకు వరం. ఎగిరే గద్దను తీయాలంటే సెకనులో రెండు వేలో వంతు షట్టరు కావాలి. పిట్టను, అది ఆగిన క్షణం పట్టుకుంటే, సెకనులో నూటపాతికో వంతు దగ్గర కూడా తీయొచ్చు. ఆ చీకట్లో ఐఎస్‌ఓ మూడు వేలు దాటించక తప్పదు. కాస్త గరుకు వస్తుంది, రానివ్వండి. కొత్తవాళ్లు చేసేది, వెలుతురు చాలడం లేదని ఫ్లాష్ వేయడం. పొద్దున్నే నీడలో కళ్లు పూర్తిగా తెరుచుకుని తిండి వెతుక్కుంటున్న పక్షి ముఖం మీద అంత వెలుగు కొట్టడం నాకు ఇష్టం ఉండదు. పైగా ఫోటో కూడా పాడవుతుంది. ఆకుల మధ్య నీడలన్నీ చచ్చిపోయి, స్టూడియోలో బొమ్మను పెట్టి తీసినట్టు వస్తుంది.

ఇంకో చిక్కు దాని రంగుల్లోనే ఉంది. గొంతు తెల్లన, కంటి చుట్టూ నల్లన. కెమెరాను దాని ఇష్టానికి వదిలితే నీడను చూసి వెలుతురు పెంచేస్తుంది, గొంతు సున్నం కొట్టినట్టయిపోతుంది, ఈకల గీతలేవీ మిగలవు. అందుకే అర స్టాపు తగ్గించి తీయాలి. ఇక నల్లకన్ను నల్లపట్టీలో కలిసిపోతుంది. కంట్లో చిన్న మెరుపు పడితేనే కన్ను ఉన్నట్టు తెలుస్తుంది. అడవిలో ఆ మెరుపు చెట్ల సందుల్లోంచి వస్తుంది. నా ఫోటోను కంప్యూటరులో పెద్దది చేసి చూస్తే ఆ కంట్లో నిలువుగా ఒక తెల్లగీత ఉంది. రెండు అపార్టుమెంట్ల మధ్య మిగిలిన ఆకాశం అది.

భుజం మీది నీలం గురించి కూడా ఒక మాట. అది పూసిన రంగులాంటిది కాదు. ఈక లోపలి అతి సన్నని అల్లిక మీద వెలుతురు పడి చెదిరినప్పుడు మన కంటికి నీలంగా కనిపిస్తుంది. మన పాలపిట్ట రెక్కల నీలం కూడా ఇదే తంతు. అందుకే వెలుతురు సరిగా లేని చోట పిట్ట భుజం బూడిదరంగుకు దిగిపోతుంది, అదే పక్షి ఒక అడుగు పక్కకు వేసి తిరిగితే నీలం భగ్గుమంటుంది. ఆ ఒక్క అడుగు కోసం అరగంట పడుకోవాల్సి వస్తుంది. తోక కింది ఎరుపు మరీ పిసినారి. పక్షి నిటారుగా నిలబడి, కాస్త మన వైపు తిరిగితే తప్ప బయటపడదు. అన్ని రంగులూ ఒకే ఫోటోలో పడాలని పట్టుబట్టేవాళ్లున్నారు. నాకు ఆ పట్టింపు లేదు. రంగుల జాబితా కన్నా ఆకును విసురుతున్న ముక్కు నాకు ముఖ్యం.

ఈ నగరంలో కెమెరా చరిత్ర చిన్నదేం కాదు. ఆరో నిజాం కొలువులో రాజా దీన్ దయాళ్ తీసిన షికారు ఫోటోలు చాలామంది చూసే ఉంటారు. కాళ్ల దగ్గర చచ్చిన పులి, పక్కన తుపాకులు పట్టుకున్న దొరలు. ఆనాటి పెద్ద కెమెరాలకు, గాజు పలకలకు అడవి నీడలో గెంతే చిన్న పక్షి లొంగేది కాదు. 1931, 32లలో సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసినప్పుడు కూడా ఆధారం కావాలంటే తుపాకీతో కొట్టి చర్మం భద్రపరచడమే పద్ధతి. ఆ చర్మాల వల్లే మన పక్షుల లెక్క తేలింది, అది కాదనలేం. ఇప్పుడు ఆ పని సెల్‌ఫోన్ ఫోటో చేస్తోంది. తేదీ, చోటు రాసిన మసక ఫోటో అయినా సరే. పక్షులు చూసేవాళ్లు దాన్ని రికార్డు షాట్ అంటారు. అందంగా లేకపోయినా ఫలానా రోజు ఫలానా వీధిలో ఈ పక్షి ఉంది అనడానికి అది చాలు.

పొన్నంకి పిట్టను కళ్లతో కన్నా ముందు చెవితో పట్టుకోవాలి. రేడియో శ్రోతలు మీరు, మీకు ఇది సులువు. రెండు స్వరాల గట్టి ఈల. మొదటిది సాగుతుంది, రెండోది కిందికి జారుతుంది. వీ...ట్, ట్యూ. తెల్లవారుతూ ఉండగా, మళ్లీ సాయంత్రం పొద్దు వాలే వేళ. తమిళులు దీన్ని ఆరుమణి కురువి అన్నారు, ఆరు గంటల పిట్ట అని. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు తెల్లవారకముందే వచ్చి చోటు పట్టుకుంటారు. ఒకరోజు టీ బండి దగ్గర నా ఫోన్‌లో ఈ ఈల వినిపిస్తే, ఆదిలాబాదు నుంచి వచ్చిన అబ్బాయి గ్లాసు పక్కన పెట్టి, ‘సార్, ఇది మా దిక్కు వానకాలంల పొద్దుమాపు అరుస్తది. గిది ఈడికెట్లొచ్చె?’ అన్నాడు. ‘నువ్వెట్లొచ్చినవో అదీ అట్లనే వచ్చింది తమ్ముడూ’ అన్నాను. ‘నేను బస్సుల వచ్చిన సార్’ అన్నాడు.

ఆ ఈలను ఫోన్‌లో వినిపించి పక్షిని పిలవడం గురించి చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అది అంటువ్యాధిలా ఉంది. గూడు కట్టే రోజుల్లో తన హద్దులో ఇంకో మగపక్షి అరిచిందనుకుని పిట్ట తిండి మానేసి, గూడు వదిలేసి జగడానికి వస్తుంది. వచ్చి కొమ్మ మీద నిలబడితే ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది. ఎదురుగా శత్రువు లేడు, చెట్టు వెనక స్పీకరు ఉంది. పది మంది ఫోటోగ్రాఫర్లు పది రోజులు వరసగా ఇదే పని చేస్తే ఆ పక్షి గతేమిటి? ప్రయాణంలో మన ఊళ్లో ఆగిన పక్షి సంగతి ఇంకా సున్నితం. అది ఆ ఒకటి రెండు రోజుల్లో కరిగిన కొవ్వు మళ్లీ కూడబెట్టుకోవాలి. మన వల్ల అది గోడెక్కి కూర్చున్న ప్రతి అరగంటా దానికి తిండిలేని అరగంటే. అందుకే పక్షి దిగిన చోటు వెంటనే వాట్సాప్ గ్రూపుల్లో పెట్టను. అది వెళ్లిపోయాక పెడతాను. దీనికి కొందరు మిత్రులు నన్ను పిసినారి అంటారు, అననివ్వండి.

రాత్రి ప్రయాణం కాబట్టి వెలుతురున్న అద్దాలకు కొట్టుకుని ఈ పక్షులు పడిపోతుంటాయి. తెల్లారి మీ బాల్కనీలో ఇలాంటిది సొమ్మసిల్లి కనిపిస్తే కంగారుపడి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం మెతుకులు అసలే వద్దు. గాలాడే రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, అందులో ఉంచి, మూత పెట్టి, చీకటిగా, చప్పుడు లేని చోట వదిలేయండి. పిల్లలు చూస్తామని మారాం చేస్తారు, ఒక గంట ఆపండి. చాలాసార్లు తేరుకుంటుంది. తేరుకున్నాక దగ్గర్లో చెట్లున్న చోట, పిల్లులు లేకుండా చూసి, పెట్టె తెరవండి. రెక్క వాలిపోయినా, రక్తం కనిపించినా మన వైద్యం పనికిరాదు. నారాయణగూడలోనే ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, అటవీశాఖకూ చెప్పొచ్చు. బాగుందని పంజరంలో పెట్టి పెంచుకుందామనుకోవద్దు, 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

చట్టం మాట వచ్చింది కాబట్టి దసరా సంగతి అడగాలనిపిస్తోంది. పాలపిట్టను చూడటం మనకు శుభం. 2014లో తెలంగాణ దాన్ని రాష్ట్ర పక్షిగా కూడా ఎంచుకుంది. అయినా పండుగ రోజు ఎవడో రెక్కలు కట్టేసి పంజరంలో తెచ్చిన పాలపిట్టకు దండం పెట్టి డబ్బులిచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. ఊరి బయట కరెంటు తీగ మీద కూర్చున్న దాన్ని చూసి రావడానికి ఎంత సేపు పడుతుంది? సరిగ్గా అదే రోజుల్లో పొన్నంకి పిట్ట మన పెరట్లోకి తనంత తానే వచ్చి ఉంటుంది. దానికి దండం పెట్టమని నేను అనడం లేదు. చీపురు ఆపితే చాలు.

మొన్న సెప్టెంబరులో అశోక్ నగర్ అపార్టుమెంటు సెక్రటరీ గారిని కలిశాను. బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఫోటో చూపించాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, ‘ఇది మన వెనకాలే?’ అన్నారు. ‘మన వెనకాలేనండీ.’ ‘అయితే ఎన్నాళ్లు ఊడ్వొద్దంటారు?’ ‘అక్టోబరు ఆఖరు దాకా.’ ‘దోమలొస్తాయి కదండీ!’ ఎండుటాకుల్లో దోమలు పుట్టవని, నిలిచిన నీళ్లలో పుడతాయని చెప్పి, మేడ మీద పూలకుండీల కింద పెట్టిన పళ్లాలు చూపించాను. అన్నింటిలోనూ నీళ్లున్నాయి. ఆయన వాచ్‌మన్‌ను పిలిచి పళ్లాలన్నీ అప్పటికప్పుడు ఒంపించారు. ఆకుల్ని మాత్రం దీపావళి దాకా ఉండనిస్తామన్నారు. ఆ తర్వాత ఆ గోడకు సున్నం వేయించే పని ఉందట.